గాజు చక్రాలకు పసుపు

"అయ్యో, చక్రాలకు పసుపు పూశారా అమ్మా?" అన్నాడు సైన్సు మేష్టారు స్తెఫను.

"కొత్త సామాను కదండీ! పసుపూ బొట్టూ లేకుండా వాడతారా ఎక్కడన్నా?" అంది కన్యకాపరమేశ్వరి. ఆవిడ ఆ జగ్గయ్యపేట హైస్కూలు ప్రెసిడెంటుగారి భార్య.

అది స్థిర విద్యుత్తు పుట్టించే యంత్రం. గాజు చక్రాలు తిప్పితే రెండు ఇత్తడి గుండ్ల మధ్య టప్పున రవ్వ దూకాలి. చక్రాలు ఇలా పసుపు నీళ్లతో తడిగా ఉంటే పుట్టిన విద్యుత్తు పుట్టినట్టే జారిపోతుంది. తుడిస్తే ఆవిడకి కోపం, తుడవకపోతే ఉద్యోగం గోవిందా. ఈలోగా నందిగామ నుంచి స్కూళ్ల ఇన్‌స్పెక్టరు జీపు రానే వచ్చింది.

"రవ్వ పడిందా, మీ ఉద్యోగం పర్మనెంటు. పడలేదా, రేపట్నుంచి రావక్కర్లా," అన్నాడు ప్రెసిడెంటు వెంకటకృష్ణారావు, మేష్టారి చెవిలో.

స్తెఫనుకి భయం కూడా వెయ్యలేదు. ఒళ్లంతా మొద్దుబారిపోయింది. నోరు మాత్రం తప్పించుకునే దారి దానంతటదే వెతుక్కుంది.

"ముందు గాలి లేనిచోట ఎలా ఉంటుందో చూపిస్తానండి. రవ్వ దూకాలంటే గాలి ఉండాలి. గాలి తీసేస్తే పడదు."

యంత్రం మీద పెద్ద గాజు మూత బోర్లించారు. అటెండరు శాంతయ్య పంపు కొట్టి లోపలి గాలి లాగేశాడు. కిటికీలు మూయించి, స్తెఫను బయటికున్న పిడి తిప్పాడు. చీకట్లో చక్రాలు గిర్రున తిరిగాయి. వెలుగన్నది లేదు.

"రవ్వ లేదు! భలే!" అని ప్రెసిడెంటు చప్పట్లు కొట్టాడు.

ఇన్‌స్పెక్టరు కొట్టలేదు. యంత్రం వంక అదేపనిగా చూసి, "ఇంకా కొట్టించండి పంపు," అన్నాడు. శాంతయ్య చొక్కా చెమటతో తడిసి ముద్దయ్యేదాకా వదల్లేదు. అప్పుడన్నాడు, "ఇక గాలి వదలండి. రవ్వ చూద్దాం."

అయిపోయింది, అనుకున్నాడు స్తెఫను. ఎవరి ఉద్యోగమో పోతున్నట్టుంది గానీ తనదన్న దిగులే పుట్టలేదు. మర తిప్పి గాలి వదిలాడు. పిడి తిప్పాడు.

టప్! నీలం రవ్వ. మళ్లీ టప్!

"పర్మనెంటు చేసేశామండీ!" అంటూ ప్రెసిడెంటు దంపతులు కాఫీల ఏర్పాటుకి వెళ్లారు. స్తెఫను ఇంకా పిడి పట్టుకునే నిలబడ్డాడు.

"గాలి పల్చబడితే రవ్వ బదులు గుండ్ల మధ్య ఊదారంగు వెలుగు రావాలి. నీకది రాలా," అన్నాడు ఇన్‌స్పెక్టరు నెమ్మదిగా. "చక్రాలు తడిగా ఉన్నాయని అప్పుడే తెలిసిందయ్యా. పంపు గాలితోపాటు తడినీ లాగేస్తుంది. అందుకే అంతసేపు కొట్టించా."

"తడని ఎలా పోల్చారండీ?"

"బందర్లో నేనూ సైన్సు మేష్టర్నే. మా ప్రెసిడెంటుగారి భార్య గంధం పూసింది. పంపు సంగతి నాకు తట్టలా. ఆ ఉద్యోగం ఊడబట్టే ఇన్‌స్పెక్టర్నయ్యా!"