కీ తిరగని గడియారం

"చొక్కా తెచ్చావా, ఉత్త సంచీ తెచ్చావా?"

వాచీలు బాగుచేసే పెద్దాయన కంటికున్న భూతద్దం తీయకుండానే అడిగాడు. ఎదురుగా నిలబడింది పక్క వీధి టైలరమ్మ. పోయిన ఏడాది కన్నుమూసిన ఆయన స్నేహితుడి కూతురు.

"కాజాలు మిగిలిపోయాయి బాబాయ్."

"ఎప్పుడడిగినా అవే కాజాలు! మీ దర్జీవాళ్ల 'రేపు'కి తెల్లారదు కదమ్మా."

వేరే రోజైతే, మీ వాచీలవాళ్ల 'సాయంత్రం' కన్నా నయమేలే అని ఎదురు అంటించేది. ఇవాళ నవ్వలేదు. సంచీ బల్ల మీదకి జరిపింది.

"లోపలుంది. తీసి చూడు."

ఆయన సంచీలో చెయ్యి పెట్టాడు. గుండ్రంగా, చల్లగా తగిలింది. బయటికి తీయకముందే అదేమిటో తెలిసిపోయింది. కంటికున్న భూతద్దం జారి బల్ల మీద పడింది.

జేబు గడియారం. వెండి మూత, తెల్లటి ముఖం, గొలుసుకి వేలాడే చిన్న తాళంచెవి. వెనకవైపు కన్నంలో ఆ తాళంచెవి పెట్టి రోజూ కీ ఇవ్వాలి.

"దీనికేమైంది?"

"పొద్దున కీ ఇస్తుంటే తిరగడం లేదు. సగంలోనే తాళంచెవి జారిపోతోంది."

ఈ ఫిర్యాదు ఆ కొట్టుకి కొత్త కాదు.

గడియారం కొన్నది ఆమె ముత్తాత. స్టేషన్ మాస్టరు. ఒకరోజు కీ తిరగడం లేదంటూ వచ్చి, పెద్దాయన తాతని నానా మాటలూ అన్నాడు. గడియారంలో ఏ లోపమూ లేదు. లోపం ఆ వేళ్లలో ఉంది. ముందు బొటనవేలి మొదట్లో కండ కరిగింది. తర్వాత చేతులు, ఆ తర్వాత నాలుక. చివరికి ఊపిరి.

గడియారం కొడుక్కి వచ్చింది. ఆయన అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. నడివయసు దాటకుండానే అదే ఫిర్యాదుతో ఇదే కొట్టుకొచ్చాడు. ఆ తర్వాత ఆమె నాన్న. డ్రాయింగు మాస్టారు. ఆ గడియారాన్ని విప్పి, బాగానే ఉందిరా అని చెప్పాల్సిన పాపం ఈ పెద్దాయనకే చుట్టుకుంది. డాక్టర్లు ఆ జబ్బుకో పొడుగాటి పేరు చెప్పారు. మందు మాత్రం చెప్పలేదు.

ఎవరి వంతు వచ్చినా ఆ ఇంట్లో ఎవరూ ముందు ఆస్పత్రికి వెళ్లలేదు. వాచీల కొట్టుకే వచ్చారు. తప్పు గడియారానిదైతే బతికిపోయినట్టే.

"మీ నాన్న దీన్ని తమ్ముడికే ఇచ్చాడుగా?" పెద్దాయన అడిగాడు.

"వాడికే ఇచ్చాడు. మగపిల్లాడికేగా ఇచ్చేది."

"వాడు రాకుండా నిన్ను పంపాడా?"

"నేనొచ్చినట్టు వాడికి తెలీదు. మరదలికి నెలలు నిండాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు." ఆమె బల్ల మీదికి వంగింది. "దుమ్ము పట్టి ఉంటుంది బాబాయ్. నూనె ఎండిపోయుంటుంది. సరిగ్గా చూడు."

ఆయన విప్పాడు. ఎప్పుడూ విప్పనంత నెమ్మదిగా విప్పాడు. స్ప్రింగు చూశాడు. చక్రాల పళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. తాళంచెవి అరిగిందేమోనని వెలుతురుకేసి పట్టి చూశాడు. దేవుడా, ఒక్క తుప్పు మరకైనా చూపించు అని లోలోపల మొక్కుకున్నాడు. నాన్న రోగం నాన్నతో పోలేదని ఆ పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

ఎక్కడా ఏమీ లేదు. అన్నీ తిరిగి బిగించి కీ ఇచ్చాడు. వెన్నలో వేలు పెట్టినంత సులువుగా తిరిగింది. గడియారం టిక్కుటిక్కుమంటూ నడిచింది.

ఆ చప్పుడు వినగానే ఆమె కుర్చీలో కూలబడింది.

"ఇంకోసారి చూడు బాబాయ్."

"చూశానమ్మా."

"నీకీమధ్య చూపు ఆనడం లేదని నువ్వే అన్నావు."

"అన్నాను." ఆయన గడియారం మూత మూశాడు. "ఈ ఒక్కదానికి మాత్రం ఆనింది."

కొట్టులో కుర్రాడెవడూ లేడు కాబట్టి టీ ఆయనే ఫ్లాస్కులోంచి వంపి ఇచ్చాడు. ఆమె గ్లాసు అందుకోలేదు. బల్ల మీదే చల్లారిపోయింది.

ఆకురాయి ఆయన చేతికి దగ్గరలోనే ఉంది. ఒక్క పన్ను అరగదీస్తే చాలు, ఇదిగో లోపం అని చూపించొచ్చు. చెయ్యి అక్కడిదాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"స్ప్రింగు బిగుసుకుపోయిందని మీ తమ్ముడికి చెబుతాలే. బిడ్డ పుట్టేదాకా అయినా ధైర్యంగా ఉంటారు."

"అబద్ధమని తెలిశాక ధైర్యమెక్కడిది బాబాయ్?"

నిజమే. పెద్దాయన గడియారాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి సంచీలో పెట్టాడు. ఓదార్పుగా ఏదో ఒకటి అనాలి. వెతికి వెతికి ఒక్కటి పట్టుకున్నాడు.

"మూడు తరాలుగా చూస్తున్నాం. ఈ జబ్బు మగవాళ్లనే పట్టింది. నువ్వన్నా గట్టెక్కావు తల్లీ. నీ ఆడపిల్లలిద్దరూ గట్టెక్కారు. అదొక్కటే మనకి మిగిలింది."

ఆమె తలెత్తి ఆయన వైపు చూసింది. కళ్లలో చుక్క నీరు లేదు.

"తమ్ముణ్ణి ఒకసారి నా దగ్గరికి పంపు," అన్నాడాయన. "మీ నాన్నకి చెప్పినట్టే వాడికీ నేనే చెబుతాను."

"వాడికెందుకు బాబాయ్, వాడు భయపడి దాన్ని ఒక్కనాడూ ముట్టుకోలేదు, నాన్న పోయినప్పటి నుంచీ రోజూ కీ ఇస్తున్నది నేనే."