మంచాల మధ్య దీపం

గడప దాటగానే లోరాంద్‌కు రోత పుట్టింది.

పిల్లుల ఉచ్చ కంపు. మూలన తొట్టెలో కుళ్లిన మట్టి. బల్ల మీద పంది కొవ్వు రాసిన రొట్టె, దాని మీద ఈగలు. ఒకప్పుడు పేచ్ ఊరంతా ఎగబడి కొన్న పింగాణీ దీపాలు చేసిన మనిషి ఇల్లా ఇది? మచ్చుకైనా ఒక్క దీపం లేదు. కిటికీ వెలుతురే గతి.

ఆ దీపాలు చేసిన ఎటెల్కా ముసలిదైపోయింది. ముందు పళ్లు లేవు. నోరు తెరిస్తే తుంపర్లు. కుడిచేతి వేళ్లకు గోళ్లు లేవు, మట్టి పిసికి పిసికి అరిగిపోయి ఉంటాయి. ఆ చేత్తోనే రొట్టె తుంచి అతని ముందుకు నెట్టింది.

"తిను నాయనా. మొహమాటం దేనికి?"

"ఇప్పుడే తిని వచ్చానమ్మా." అన్నాడు లోరాంద్.

సంచీలోంచి తన ఇంట్లోని పాత దీపం తీసి బల్ల మీద పెట్టి, వచ్చిన పని చెప్పాడు. ఊరి మ్యూజియంలో పాత దీపాలు ప్రదర్శనకు పెడుతున్నారు. దీని అడుగున చేసినవాళ్ల గుర్తు లేదు. తాను చేసిందేనని ఎటెల్కా సంతకం పెడితేనే తీసుకుంటారు. తీసుకుంటే పక్కన పలక మీద దాతగా లోరాంద్ తండ్రి పేరు చెక్కుతారు. పోయిన ఏడాదే కన్నుమూసిన తండ్రి పేరు ఆ గోడ మీద చూడాలి. ఆ ఒక్క ఆశకే ఈ కంపు భరిస్తున్నాడు.

ముసలామె దీపాన్ని మెల్లగా తిప్పింది. ఒకవైపు చేపల్లాంటి కంతలు. రెండోవైపు మూసేసి ఉంది.

"గుర్తు ఎందుకుంటుంది? ఇది అమ్మడానికి చేసింది కాదు. ఇలాంటిది ఒక్కటే చేశా. నా మంచానికీ మా ఆయన మంచానికీ మధ్య పెట్టుకోడానికి. నేను చదువుకుంటుంటే ఆయన కళ్లలో వెలుగు పడకూడదని అటు మూసేశా."

"మరి ఏమైంది?"

"పోయింది. ఆయనతో పాటే." దీపాన్ని తాకిన చేతిని గౌనుకు గట్టిగా తుడుచుకుంది. "మీ ఇంటికెలా వచ్చింది?"

"నాన్న ఆఫీసులో ఉండేది. రిటైరైనప్పుడు తెచ్చుకున్నారు. అక్కడ బల్ల మీద పెట్టుకునేవారట."

"మూసిన వైపు తనవైపు పెట్టుకునా?"

"ఆయన కళ్లు సున్నితంలెండి."

"ఏం ఉద్యోగం?"

"ఏదో సర్కారు కాగితాల పని. ఇంట్లో చెప్పేవారు కాదు."

ఆమె చెయ్యి చాచింది. లోరాంద్ కాగితం, కలం ఇచ్చాడు. వంకర వేళ్లతో సంతకం గీకింది. అతను కలాన్ని రుమాలుతో తుడిచి గానీ జేబులో పెట్టుకోలేదు.

"మీ నాన్న పేరేమన్నావు?"

"ఇంకా చెప్పలేదమ్మా. బోద్నార్ కాల్మాన్."

"బోద్నార్ కాల్మాన్." రెండోసారి కూడా అనుకుంది, మరిచిపోకుండా. "పలక మీద పెద్ద అక్షరాలతో చెక్కించు అబ్బాయీ. ఊరంతా చదవాలి."

లోరాంద్ కరిగిపోయాడు. "నాన్నను ఎరుగుదురా?"

"గొంతు ఎరుగుదును," అంది ఎటెల్కా, "ఆ ఆఫీసులో నా గోళ్లు పీకించినన్నాళ్లూ ఈ దీపం కంతలు నా మొహం మీదికే తిప్పి కూర్చున్నాడు, అందుకే మొహం చూడలేకపోయా, పేరు తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది."