ఆదెయ్యకు శాలువా

"నవ్వవయ్యా, ఫొటో తీస్తున్నారు!" పంచాయతీ సెక్రటరీ శ్రీకృష్ణ మోచేత్తో పొడిచాడు.

అతను నవ్వాడు. బ్రాడీపేటలోని ఏసీ హాల్లో, మెడ మీద శాలువాతో నవ్వడం ఎండలో మిరపకోత కన్నా కష్టంగా ఉంది.

"సార్, నా డబ్బులు... అమ్మాయి పరీక్ష ఫీజుకి ఇవాళే ఆఖరు. కాలేజీ దగ్గర నిలబడి ఉంది. నాలుగింటికల్లా కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరంట."

"ఉండవయ్యా! హారతి కాకముందే ప్రసాదం అడుగుతావేంటి?"

ఊరికొక ఉత్తమ పారిశుద్ధ్య కార్మికుణ్ణి సన్మానిస్తున్న సభ అది. మైకు ముందు వక్త చెంచురామయ్య గారి గొంతు గద్గదమైంది.

"మురుగు తీసే ఈ ఆదెయ్య లాంటివాళ్ళే మనకు అసలైన డాక్టర్లు! వీళ్ళ సేవకు మనం వెల కట్టగలమా?"

కట్టలేరు. అందుకే ఎవరూ ఆ ప్రయత్నం కూడా చెయ్యలేదు. చెంచురామయ్య గారి సేవకు మాత్రం గంటకు పాతికవేలని నిర్వాహకులు ముందే కట్టేశారు. కారూ భోజనమూ అదనం.

ప్రసంగం ముగించి ఆయన వచ్చి అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఎన్నేళ్ళుగా చేస్తున్నావు, ఆదెయ్యా?"

అతను సెక్రటరీ వైపు చూశాడు.

"పదిహేనేళ్ళండీ," అన్నాడు శ్రీకృష్ణ. "సిగ్గరి. మాట్లాడడు."

"చేతులు ఇంత ఎర్రగా ఉన్నాయేం?"

"మిరపకాయలకి తొడిమలు తీశానండీ," అన్నాడతను.

"ఖాళీగా ఉండలేడండీ!" శ్రీకృష్ణ గబుక్కున అందుకున్నాడు. "కష్టజీవి!"

"చూశారా! శ్రమలోనే ఆనందం!" అన్నారు చెంచురామయ్య గారు. హాలంతా చప్పట్లు. రెండు పనులు చేస్తే గానీ పూట గడవని ఆ ఆనందం పాపం ఆయనకెన్నడూ దక్కలేదు.

అతను మాత్రం గోడ గడియారం వైపే చూస్తున్నాడు. మూడుంపావు. ఇంకా ముగ్గురు వక్తలున్నారు. ముగ్గురూ పారిశుద్ధ్య కార్మికుల్ని దేవుళ్ళన్నారు. దేవుళ్ళకు ఫీజులుండవు.

మూడూ నలభైకి జనగణమన అయింది. అతను మెట్ల మీదే సెక్రటరీకి అడ్డం తగిలాడు.

"ఇదిగో, ఐదొందలు. చాలా? ఆ శాలువా ఇటివ్వు."

అతను శాలువా మడిచి ఇచ్చాడు. నోటు జేబులో దోపుకుని, ఆటో కోసం చెయ్యెత్తాడు. ఆటో ఆగింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"ఊళ్ళో ఇంతమందుంటే నన్నే ఎందుకు తీసుకొచ్చారు సార్?"

శ్రీకృష్ణ శాలువా చంకలో పెట్టుకున్నాడు.

"అసలు ఆదెయ్యని తెస్తే మైకులో జీతం బకాయి అడుగుతాడు."