సమ్మతి

విపుల్‌భాయ్ మూడోసారి కలం మూత తీసి, మళ్లీ పెట్టేశాడు.

"ఆ మూత తీయడానికి కూడా ముహూర్తం కావాలా మోటాభాయ్?" అంది భద్ర, అతని చెల్లెలు.

బల్ల మీద ఉన్నది ఒక్క కాగితం. మా ఇంటి నుంచి ఒకరు సంసారం విడిచి జైన దీక్ష తీసుకోవడానికి మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నామని రాసి ఉంది. కింద ఇంటి యజమాని సంతకం కావాలి. పొద్దుగూకేలోపు అది దీక్ష ఇచ్చే సాధ్వీజీ చేతికి చేరకపోతే రేపు దీక్ష లేదు. ఇంట్లో ఒక్కరి కంట్లో నీళ్లున్నా సన్యాసం ఇవ్వనని ఆవిడ మొదటి రోజే చెప్పింది.

"ఊరేగింపు అయిపోయింది. మండపం వేశారు. ముంబై నుంచి చుట్టాలు దిగారు. ఇప్పుడా నీ ఆలోచన?"

"నోటితో సరేనన్నాను. చెయ్యి రావట్లేదు."

"ఎలా వస్తుందిలే. పెళ్లి కావలసిన పిల్ల ఉన్న ఇల్లు. శుభలేఖలు పంచాల్సిన ఏడాది దీక్ష పత్రికలు పంచాం. మా అత్తారి ఊరు రాధన్‌పూర్‌లో నన్ను అడగనివాళ్లు లేరు, మీవాళ్లకి ఏం లోటొచ్చిందే అని."

"నేనూ అదే అడుగుతున్నా. నేనేం తక్కువ చేశాను?"

ఆ మాట అతను ఎవరి మొహం చూసీ అనలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ భార్య చారుబేన్ జవాబిచ్చింది.

"మీరేం తక్కువ చేయలేదు. మనసు పిలిచింది. తొందరపడొద్దు, రెండేళ్లు చూద్దామన్నారు. చూశాం. ఇంకా పిలుస్తూనే ఉంది."

"మనసు, మనసు. నా మనసు ఎవరైనా అడిగారా?"

ఇరవై ఏళ్ల ఝరణా గోడకి ఆనుకుని కూర్చుని అరచేతిలో గోరింటాకు గీతలు చూసుకుంటోంది. ఉదయం తల్లీకూతుళ్లిద్దరూ పట్టుచీరలు కట్టి రథం మీద కూర్చుని, బజారు పొడుగునా బియ్యం, గిన్నెలు, బట్టలు పంచుతూ వచ్చారు. జనం నవ్వమన్నప్పుడల్లా ఝరణా నవ్వింది. ఇప్పుడు దవడలు నొప్పి పెడుతున్నాయి.

"రా బేటా," అంది చారుబేన్. "పొద్దుండగానే తినాలి."

వంటింట్లో నువ్వులు చల్లి ఎర్రగా కాల్చిన హాండ్వో రొట్టె ఉంది. కూతురికి అది ప్రాణం. చారుబేన్ ముక్క తుంచి ఆమె నోట్లో పెట్టింది.

"చాలు మమ్మీ."

"ఇంకొక్కటి. రేపటి నుంచి నీకు తినిపించడానికి ఉండదు."

"మమ్మీ అని పిలవడానికీ ఉండదు."

"ఉండదు."

ఝరణా ఆ ముక్కని నెమ్మదిగా నమిలింది.

"పన్నెండో తరగతి అయ్యాక ఏం జరిగిందో గుర్తుందా?" అని అడిగింది చారుబేన్.

"పప్పా కామర్స్ అన్నారు. నేను బొమ్మలు వేయడం నేర్చుకుంటానన్నాను. వారం రోజులు ఇంట్లో మాటల్లేవు."

"నేనేమన్నాను?"

"నీ మనసు మాట విను, మిగతాది నేను చూసుకుంటా అన్నావు."

"ఇప్పుడూ మాట అదే."

"మరి ఈసారి మిగతాది ఎవరు చూసుకుంటారు?"

చారుబేన్ పళ్లెంలో ఇంకో ముక్క తుంచింది. ఝరణాయే మళ్లీ అడిగింది.

"మనసు తప్పు చెప్తే?"

"చెప్పొచ్చు. కానీ వినలేదనుకో, ఇంకో నలభై ఏళ్లు లోపల అరుస్తూనే ఉంటుంది. ఆ అరుపు వింటూ ఎవరితో నవ్వగలం, ఎవరికి వడ్డించగలం?"

ఝరణా కళ్లు నిండాయి. చారుబేన్ చటుక్కున ఆమె గడ్డం పట్టుకుంది.

"వద్దు. నువ్వు ఏడ్చావంటే ఇదంతా ఆగిపోతుంది. తెలుసుగా?"

"తెలుసు."

"ఏడుస్తావా?"

ఝరణా లేచి కుళాయి దగ్గరికి వెళ్లింది. నీళ్లు చాలాసేపు పోయాయి. తిరిగొచ్చి తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగు కావలసినదానికంటే ఇంకాస్తసేపు మొహానికి అదుముకుంది.

తర్వాత నేరుగా తండ్రి దగ్గరికి నడిచింది.

"సంతకం పెట్టండి పప్పా."

విపుల్‌భాయ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "నాకు నిజం చెప్పు. ఈ అత్త మాట, మీ మమ్మీ మాట వదిలెయ్. నీ మనసేమంటోంది?"

వాకిట్లో అశోకాకుల తోరణం కడుతున్నవాళ్లు ఏదో జోకుకి నవ్వుకుంటున్నారు.

"ఇదే అంటోంది," అంది ఝరణా. "పెట్టండి."

అతను పెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. కాగితం మడవకుండా రెండు చేతులతో పట్టుకుని ఝరణాయే వీధి చివరి దాకా వెళ్లి సాధ్వీజీ ముందు ఉంచింది. ఆవిడ చదివి, తల ఎత్తి ఆమె మొహంలోకి చూసింది.

"ఎవరికీ బాధ లేదు కదా?"

"లేదు."

మర్నాడు మండపంలో రెండువేలమంది. విపుల్‌భాయ్ ముందు వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. తెర కట్టారు. నగలు తీసి, జుట్టు తీసేంతసేపూ డోళ్లు ఆగకుండా మోగాయి. ఝరణా కళ్లు గట్టిగా మూసుకుంది. ఏడవలేదు. కొత్త పేరు మైకులో చదివారు. జనం జయజయధ్వానాలు చేశారు. తెర పక్కకి లాగిన చప్పుడైంది.

ఝరణా కళ్లు తెరిచి, తెల్లబట్టల్లో నడిచొస్తున్న అమ్మకి అందరితోపాటు వంగి దణ్ణం పెట్టింది.