ఏ సెక్షన్‌లో న్యూట్రాన్

"ఆ పిల్లని సి సెక్షన్‌లోకి తోసెయ్యమని మీకెవరు చెప్పారండీ?"

ప్రిన్సిపాల్ పూర్ణచంద్రరావు గారి గది తలుపు ధడాలున నెట్టుకుని వచ్చింది హిమబిందు. ఇంటర్ రెండో ఏడాది అమ్మాయిల ఏ సెక్షన్‌కి ఆమే క్లాస్ టీచరు. చెప్పేది ఫిజిక్సు. చేతిలో సుద్దముక్క కూడా పారేయకుండా క్లాసులోంచి నేరుగా వచ్చేసింది.

తెనాలిలో ఆ కాలేజీ పద్ధతే అంత. ఆదివారం టెస్టు, సోమవారం పొద్దుటికల్లా గోడ మీద మార్కుల లిస్టు. వెనకబడ్డవాళ్లు బ్యాగు సర్దుకుని కింది సెక్షన్‌కి పోవాల్సిందే. మూడు వారాల కిందట లిఖిత అలాగే పోయింది.

"నేను తొయ్యడమేంటమ్మా? లిస్టు తోసింది. నలభై మందిలో ఆఖరు ఆ అమ్మాయి" అన్నారాయన తాపీగా.

ఆ తాపీతనం చూసి హిమబిందుకి ఒళ్లు మండిపోయింది.

"ఆఖరే! కానీ ఆ పిల్ల వెళ్లిన దగ్గర్నుంచీ నా క్లాసు క్లాసులా లేదండీ. సాయి ప్రియ వెళ్లి రుక్సార్ రికార్డు చింపేసింది. రుక్సార్ ఊరుకుందా? సాయి ప్రియ లాగ్ టేబుల్స్ పుస్తకం తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది. ఇప్పుడు ఇద్దరి నాన్నలూ టీసీలిమ్మని కింద కూర్చున్నారు!"

"టౌన్ ఫస్టు వచ్చే పిల్లలు ఆ ఇద్దరూ. వాళ్లు పోతే యాజమాన్యం నన్ను అడుగుతుంది. నేను మిమ్మల్ని అడుగుతాను."

"అడగండి! ఉద్యోగం తీసేస్తారా, తీసెయ్యండి. ముందు నేను చెప్పేది వినండి." సుద్దముక్కని ఆయన బల్ల మీద టప్పున కొట్టింది. "ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి సార్. రెండిటిని మాత్రమే తెచ్చి ఒకచోట పెట్టండి, క్షణం నిలవవు. న్యూట్రాన్ అలా కాదు. దానికి ఏ ఆవేశమూ లేదు, ఎవర్నీ తొయ్యదు, పక్కవాళ్లని దగ్గరికి లాగడం ఒక్కటే తెలుసు. అది ఉండబట్టే బైండింగ్ ఎనర్జీ పెరిగి న్యూక్లియస్ నిలబడుతుంది. సీసంలో ఎనభై రెండు ప్రోటాన్లని పట్టి ఉంచడానికి న్యూట్రాన్లు నూట ఇరవై పైన కావాలి. మీరేమో న్యూట్రాన్‌కి మార్కులు లేవని ఏరి పారేశారు!"

పూర్ణచంద్రరావు గారు బుర్ర గోక్కున్నారు. "నేను కామర్సు వాణ్ణమ్మా. ఇంతకీ ఏరి పారేస్తే ఆ న్యూట్రాన్ ఏమవుతుంది?"

"దానికేమైతే ఏంటండీ! నా గోల న్యూక్లియస్ గురించి!"

కింద నుంచి నాన్నలిద్దరూ అరుచుకుంటున్న చప్పుడు గదిలోకి వినబడింది. ఆయన గబగబా చీటీ మీద సంతకం గీకి ఇచ్చారు. "తీసుకెళ్లండి. ఆ ఇద్దర్నీ మధ్యాహ్నం దాకా ఆపుతాను."

సి సెక్షన్ సైకిల్ స్టాండు వెనకాల రేకుల షెడ్డులో ఉంది. హిమబిందు విసవిసా నడిచింది. గెలిచింది కాబట్టి కోపం సగం దిగింది. పాపం, రోజూ రేపల్లె నుంచి పాసింజరు బండిలో వచ్చిపోయే పిల్ల, ఎంత సంతోషిస్తుందో అనుకుంది.

లిఖిత మొదటి బెంచీలో లెక్క చేసుకుంటోంది.

"బ్యాగు సర్దుకోవే. ఏ సెక్షన్‌కి వచ్చేస్తున్నావు" అంటూ చీటీ చూపించింది హిమబిందు.

లిఖిత లేచి నిలబడింది కానీ బ్యాగు ముట్టుకోలేదు. "నేను రానండి మేడం."

"ఏంటీ? నీకోసం ప్రిన్సిపాల్‌తో అంత గొడవపడి వస్తే రానంటావా?"

"నాకోసమా మేడం?" లిఖిత గొంతు వణికింది. ఏడుపు కాదు, కోపం. "సాయి ప్రియ రికార్డులో బొమ్మలన్నీ నేనే గీశాను. రుక్సార్ రానిరోజు నోట్సు నేనే రాసిచ్చాను. వాళ్లకి మాటలు లేకపోతే ఇటు మాట అటూ, అటు మాట ఇటూ నేనే మోశాను. మరి నీ మార్కులెందుకు తగ్గాయే అని మీరు ఒక్కసారైనా అడిగారా?"

నోర్ముయ్ అనబోయింది హిమబిందు. లిఖిత వెనక గోడ మీద ఈ సోమవారం అంటించిన సి సెక్షన్ లిస్టు కనబడింది. మొట్టమొదటి పేరు లిఖితదే. ఫిజిక్సులో అరవైకి యాభై ఎనిమిది.

అంతలో పక్క బెంచీ అమ్మాయి మెడ చాచి, "లిఖితా, ఆ లెక్క ఒక్కసారి చూపించవా?" అంది.

లిఖిత చటుక్కున నోట్సు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఆ పిల్లని మోచేత్తో అవతలికి తోసింది.

హిమబిందు చేతిలో చీటీ నలిగిపోయింది. "నువ్వా లిఖితా? నువ్వు ఇలాంటిదానివి కాదే!"

"నేను ఏ సెక్షన్‌లో ఉన్నప్పుడు మీరే కదండీ చెప్పారు మేడం," అంది లిఖిత, చెయ్యి తియ్యకుండానే, "న్యూక్లియస్‌లోంచి బయటపడ్డ న్యూట్రాన్, సగటున పావుగంటలో ప్రోటాన్ అయిపోతుందని!"