కోళ్ల దిగులుకు ముందుమాట

మోంతెవిదేయో నగరంలోని ఆదివారం సంతలో, నా పాత పుస్తకాల బల్ల ముందు రిటైరైన ప్రొఫెసర్ ఎవారిస్తో వారం వారం నిలబడతాడు. చంకలో మాతె టీ ఫ్లాస్కు, మూతి మీద వెటకారం. పుస్తకాల పేర్లు చదివి ఇకిలించడమే తప్ప, ఒక్కటీ తెరిచిన పాపాన పోలేదు.

ఇవాళ ‘కోళ్లకు కలిగే దిగులు, దాని నివారణ’ చూసి పొట్ట పట్టుకు నవ్వాడు.

“దీనికి ముందుమాట కూడానట, ఎల్విరా! ఏ గాడిద రాసిందో!”

“తెరిచి చూడండి, ప్రొఫెసర్‌గారూ.”

తెరిచాడు. ముందుమాట కింద తన పేరే ఉంది.

“మొహమాటానికి చదవకుండా రాసిచ్చుంటాను,” అని గొణిగాడు. “ఈ ఒక్కటీ కట్టివ్వు.”

“ఒక్కటేమిటండీ? మీరు పదేళ్లుగా చూసి నవ్వుతున్న ఈ వరసంతా మీరు ముందుమాట రాసినవే. పనిగట్టుకుని మీకోసమే ఏరి పేర్చాను.”