సగం సీసాకు స్టీలు గ్లాసు

"సగం మిగిలిన మందు సీసాలకు స్టీలు గిన్నెలమ్మా!"

పెనుకొండలో ఆ వీధి వీధంతా నవ్వింది. పాత బట్టలకు గిన్నెలిచ్చేవాళ్లను చూశారు గానీ, ఇదేం బేరం?

ప్రతి మంగళవారం ధర్మవరం బస్సు దిగి వచ్చేదామె, భుజాన గిన్నెల సంచితో.

ఎదురింటి ఈరక్క మారుమాట లేకుండా మనవడి మందు సీసా ఇచ్చి గ్లాసు పుచ్చుకుంది. ఈశ్వరి మాత్రం గడప దాటలేదు.

"పిల్లల జ్వరం మందు మిగిలిందా అక్కా?"

"మిగిలితే నీకెందుకియ్యల్ల? యాడో మళ్లీ అమ్ముకుంటావు."

"అమ్మనక్కా. ఆస్పత్రోళ్లకు అప్పజెప్తా."

"గ్లాసిచ్చి సీసా తీసుకపోయి ఊరికే ఇస్తావా? నా చెవిలో పూలు పెట్టాకు!"

గిన్నెలామె చూపు గడపలో ఆడుకుంటున్న రెండేళ్ల భవ్య మీద ఆగిపోయింది.

"మళ్లీ జ్వరమొస్తే ఆ పాత మందు పొయ్యాకక్కా. డాక్టరు దగ్గరికి తీసుకపో."

చెయ్యి చాచి పాప తల నిమరబోయింది. దిష్టి తగులుతుందని ఈశ్వరి చటుక్కున పాపను లోపలికి లాక్కుంది.

"పోమ్మా, పో! మా బిడ్డ సంగతి నీకెందుకు?"

నెల తిరక్కుండానే భవ్యకు జ్వరం వచ్చింది. బియ్యం డబ్బా వెనక దాచిన గులాబీరంగు మందు తీసింది ఈశ్వరి. పోయినసారి రెండు రోజులకే తగ్గిందని ఆపేసిన సీసా అది. మూడు రోజులు అదే పోసింది. నాలుగో రోజు పాప కళ్లు తెరవలేదు.

హిందూపురం ఆస్పత్రిలో డాక్టరు ఉమాదేవి రక్త పరీక్ష కాగితం చూసి నిట్టూర్చింది.

"రక్తంలో క్రిములు చేరినాయమ్మా. మందులకు లొంగడం లేదు. అందరం సగం సగం వాడి వాటిని మొండిచేసినాం. మొదటి రోజే వచ్చి ఉంటే ఇంకో దారి వెతికేవాళ్లం."

ఆరో రోజు భవ్య చనిపోయింది.

అప్పటి నుంచి మంగళవారం వస్తే చాలు, ఈశ్వరి ఆ సీసా ఒళ్లో పెట్టుకుని గడపలో కూర్చుంటుంది. ఆ కేక ఒక్కసారి వినాలి. ఆ చెయ్యి పట్టుకుని ఏడవాలి. అయ్యో, పాప తల నిమరనిచ్చి ఉంటే ఏం పోయేది!

నాలుగో మంగళవారం ఈరక్క, సీసాకు బదులు పుచ్చుకున్న ఆ స్టీలు గ్లాసులో రాగిజావ తెచ్చింది.

"రెండు గుక్కలు తాగు ఈశ్వరీ. ఎవరి కోసం చూస్తాండావు?"

"ఆ గిన్నెలామె..."

"ఆయమ్మ ఇంక రాదు. నువ్వు ఆస్పత్రిలో ఉండంగా వచ్చి చెప్పిపోయింది. గిన్నెలన్నీ అయిపోయినాయంట."

"అయిపోతే అంగట్లో కొనుక్కొని రాకూడదా?"

"నేనూ అదే అడిగితి. అంగట్లో దొరికేటివి కావు అనె."

ఈరక్కకు చదువు రాదు. గ్లాసు అందుకున్న ఈశ్వరి వేలికి చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు తగిలాయి.

'చి. సాయికృష్ణ మొదటి పుట్టినరోజు. మేనమామ దీవెనలతో.'

భవ్య పేరున్న గ్లాసు ఈశ్వరి ఇంటి గూట్లోనూ ఉంది. బతికున్న బిడ్డ పేరు చెక్కిన గ్లాసును ఏ తల్లీ బయటికివ్వదు.

వీధంతా గిన్నెల బేరగత్తె అనుకున్న ఆ మనిషి, పోయిన కొడుక్కి వచ్చిన చదివింపులను ఒక్కొక్కటిగా ఇచ్చేసి, ఊరి పిల్లల కోసం సగం సీసాలు ఏరుకుపోయిన తల్లి.